ఇనుము అంగట్లో సరే, మోటారు సంగతేంటి?

ఇంట్లో కసరత్తు చేసుకునే సామాను ఫోనులో కొనాలా, అంగట్లో కొనాలా అనే చర్చ ఎక్కడ మొదలైనా రెండు నిమిషాల్లో ధర దగ్గరికి చేరి అక్కడే ఆగిపోతుంది. ఫోనులో ఇంత, అంగట్లో ఇంత, తేడా ఇంత, తీర్పు అయిపోయింది. సెల్‌ఫోన్ కవరు కొనడానికి ఈ పద్ధతి చాలు. నలభై యాభై కిలోలు తూగే యంత్రం, పైగా మనిషి ఎక్కి పరుగెత్తే యంత్రం కొనేటప్పుడు చాలదు. డబ్బు కట్టేది ఒక్కరోజు. దాన్ని మిద్దెక్కించడం, ఆగిపోయినప్పుడు బాగుచేయించడం, వద్దనుకున్నప్పుడు వదిలించుకోవడం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే పనులు. వాటి ఖర్చు ఏ ధరల పట్టీలోనూ ఉండదు.

పెన్న ఒడ్డున ఉన్న చెన్నూరు నుంచి చూస్తే ఈ పోలిక ఇంకాస్త మారుతుంది. ‘మన ఊరి డీలరు’ అని పట్నం వాళ్లు అన్నంత తేలిగ్గా ఇక్కడివాళ్లు అనలేరు. ట్రెడ్‌మిల్ కొనాలంటే కడపకో, అవతల ప్రొద్దుటూరుకో బస్సెక్కాల్సిందే. జమ్మలమడుగు, పులివెందుల వాళ్ల సంగతీ అంతే. మన పట్టణాల్లో స్పోర్ట్స్ షాపు అంటే ముందు వరసలో క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, టోర్నమెంట్లలో ఇచ్చే కప్పులు, ఓ మూలన డంబెల్స్. ట్రెడ్‌మిల్ కావాలంటే ఒకటో రెండో చూపించి, మిగతావి క్యాటలాగులో చూడమంటారు. బుక్ చేస్తే హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో, చెన్నై నుంచో లారీలో వస్తుంది. అంటే అంగడివాడు చేసేదీ సగం ఆన్‌లైన్ వ్యాపారమే. కాకపోతే ఆర్డరు పెట్టేది ఆయన, మాట పడేదీ ఆయనే.

దూరం నుంచి కండలు తెప్పించుకోవడం మనకు కొత్తేం కాదు. 1904-05లో మన దేశంలో పర్యటించిన యూజిన్ శాండో స్ప్రింగు డంబెల్స్‌నీ, కసరత్తు పాఠాలనీ పోస్టులో అమ్మినవాడు. ఆయన పేరు ఇప్పటికీ మన బనియన్ల మీద బతుకుతోంది. ఆ తర్వాత బుల్‌వర్కర్ వచ్చింది. 1962లో జర్మనీలో పుట్టిన ఈ గొట్టం లోపల స్ప్రింగు, రెండు పక్కలా తీగలు ఉంటాయి. రోజుకు కొద్ది నిమిషాలు నొక్కితే చాలు, ఛాతీ విచ్చుకుంటుందని పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. కూపను కత్తిరించి పంపితే వీపీపీలో వచ్చేది, పోస్టుమ్యాన్ చేతికి డబ్బిచ్చి విడిపించుకోవాలి. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీకి తాత అదే. అర్ధరాత్రి టీవీల్లో పొట్ట తగ్గించే యంత్రాలు అమ్మిన కాలం ఈ రెంటికీ మధ్యలో గడిచింది, దాని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. తెరలు మారాయి గానీ ప్రకటన వినిపించే ఆశ మారలేదు.

అందుకే ముందు రెండు అమ్మకాల భాషను విడివిడిగా చదవాలి. ఫోను అంకెలతో మాట్లాడుతుంది. ‘4 హెచ్‌పీ పీక్’, ‘110 కిలోల వరకు’, ‘12 ప్రోగ్రాములు’. అంగడాయన మనుషులతో మాట్లాడతాడు. ‘మొన్న ఒక డాక్టరు గారు ఇదే తీస్కపోయినారన్నా, ఏమన్నా అయితే మేం లేమా?’ అంటాడు. మొదటిదాన్ని శాస్త్రం అనుకుంటాం, రెండోదాన్ని కబుర్లు అనుకుంటాం. నిజానికి రెండింటినీ ఒకే అనుమానంతో వినాలి.

ఆ హెచ్‌పీ సంగతే చూడండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మన ఇంట్లో ఫ్యానుకో టీవీకో వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది ఇవ్వగలిగింది 1,380 వాట్లు, అంటే రెండు హార్స్‌పవర్లు కూడా నిండవు. గీజరు పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గులో 3,680 వాట్లు వస్తాయి. 5 హెచ్‌పీ అని రాసుకున్న మోటారు నిజంగా అంత శక్తితో అదే పనిగా తిరగాలంటే 3,730 వాట్లు కావాలి, పెద్ద ప్లగ్గే చాలదు. మరి ఆ అంకె ఎక్కడిది? అది ‘పీక్’, అంటే కొద్ది క్షణాలు మాత్రమే ఇవ్వగల అత్యధిక శక్తి. ముప్పావు గంట నడిచేవాడికి అక్కరకొచ్చేది నిరంతరం ఇచ్చే శక్తి. కొన్ని కంపెనీలు దాన్ని వేరే అంకెగా చెబుతాయి, కొన్ని చెప్పవు. చెప్పనప్పుడు యంత్రం రేకు మీద ముద్రించిన వాట్ల అంకె చూడాలి. ఫోను పేజీలో ఈ రేకు ఫొటో అరుదుగా కనపడుతుంది. అంగట్లో వంగి చూస్తే కనపడుతుంది. కానీ ఎంతమంది వంగుతారు? డాక్టరు గారి పేరు వినపడగానే మనం నిటారుగా నిలబడి తలూపేస్తాం.

రివ్యూల మీద నా నమ్మకం ఇంకా తక్కువ. దొంగ రివ్యూలు ఉంటాయన్నది ఒక కారణమే, వాటిని అదుపు చేయడానికి 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమూ వచ్చింది. అసలు చిక్కు నిజాయితీ రివ్యూలతోనే. పెట్టె విప్పిన రోజు సంబరంలో రాసేవే ఎక్కువ. ట్రెడ్‌మిల్ బెల్టు పక్కకు జరగడం, బెల్టు కింద పలక మీది సిలికాన్ నూనె ఆరిపోయి మోటారు వేడెక్కడం, డిస్‌ప్లే మీద ఎర్రర్ అంకె పడి ఆగిపోవడం, ఇవన్నీ నెలల తర్వాత సంగతులు. అప్పటికి రాసినాయన రాసిన మాటే మరిచిపోయి ఉంటాడు. అంగడాయన డాక్టరు గారి కథలో మేలు ఏమిటంటే, అది నిజమో కాదో, నిజమైతే ఆ యంత్రం ఇప్పుడెలా ఉందో పోయి కనుక్కోవచ్చు. తొందరపెట్టడంలో మాత్రం ఇద్దరూ ఒకటే. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఫోను, ‘రేపట్నుంచి రేటు పెరుగుతాది’ అని అంగడి. లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు తప్పన్నాయి. అంగట్లో చెప్పే రేపటి రేటును ఏ మార్గదర్శకం పట్టుకుంటుంది?

ఇక సరుకు దగ్గరికి వద్దాం. డంబెల్స్, ప్లేట్లు, రాడ్ల విషయంలో నా తీర్పు సూటిగానే ఉంటుంది: ఇనుము అంగట్లోనే కొనాలి. ఫోనులో తక్కువ ధరకు కనిపించే ‘హోమ్ జిమ్ కాంబో’ల్లో చాలావాటిలో ప్లేటంటే ప్లాస్టిక్ చిప్పలో సిమెంటో ఇసుకో నింపిన వస్తువు. బరువు బరువే కదా అనొచ్చు. కాదు. ఇరవై కిలోల పోత ఇనుము మూడు లీటర్లలోపు చోటులో ఇమిడిపోతుంది, అదే బరువు సిమెంటుకు దాదాపు తొమ్మిది లీటర్లు కావాలి. అందుకే ఆ ప్లేట్లు లావుగా ఉంటాయి, నాలుగు ఎక్కించేసరికి రాడ్డు నిండిపోతుంది. బలం పెరిగి ఇంకో ప్లేటు కావాలనిపించిన రోజున ఎక్కించడానికి చోటుండదు. చిప్ప పగిలితే గదంతా దుమ్ము. మళ్లీ అమ్ముదామంటే కొనేవాడుండడు. ఇనుముకైతే పాత సామాన్ల బండివాడు కూడా ఎంతో కొంత కట్టిస్తాడు.

అంగట్లో ఇనుప ప్లేట్లకు కిలోకు ఇంతని రేటు. ప్రొద్దుటూరు బంగారం బజారు తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు: తూకం ఎంత, దాని మీద మజూరీ ఎంత అని విడదీసి అడగడం మనకు చిన్నప్పట్నుంచీ అలవాటే. రబ్బరు తొడుగుకు ఎంత, ఉత్త ఇనుముకు ఎంత అని అలాగే అడగాలి. ఐదు కిలోలని అచ్చేసిన ప్లేటు నిజంగా ఐదు కిలోలుందో లేదో కాటా మీద పెట్టి చూడాలి. రెండు చేతులకూ తేడా వస్తే భుజాలకే నష్టం. ఫోనులో ఈ పని ప్లేటు ఇల్లు చేరాకే కుదురుతుంది. తేడా ఉందని తేలాక పది కిలోల ఇనుమును మళ్లీ అట్టపెట్టెలో కట్టడం ఎవరికి ఇష్టం? రవాణా లెక్క కూడా అంగడి వైపే మొగ్గుతుంది. మీరట్‌లోనో జలంధర్‌లోనో తయారైన ప్లేట్లు లారీలో టన్నుల లెక్కన కడపకు వస్తే కిలోకు పడే కిరాయి వేరు, ఇరవై కిలోల పెట్టె ఒక్కటే కొరియర్‌లో చెన్నూరుకు వస్తే పడేది వేరు. ‘ఫ్రీ డెలివరీ’ అన్నచోట ఆ కిరాయి ధరలోనే కలిసిపోయి ఉంటుంది. పెద్ద పెట్టెలకు ఇంకో లెక్క ఉంది. కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తుల్ని సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ వచ్చిన అంకె, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. 160, 80, 30 సెంటీమీటర్ల ట్రెడ్‌మిల్ పెట్టె నలభై ఐదు కిలోలే ఉన్నా, లెక్కలో దాదాపు 77 కిలోలవుతుంది.

ఇంకో చిన్నమాట. ఇటు జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు ఇళ్లలో చాలావరకు నేల మన నాపరాయే. కడప బండ అని ఊరూరా పేరున్న ఆ రాయి గట్టిదే, కానీ పై నుంచి పది కిలోల డంబెల్ పడితే చిట్లుతుంది. డంబెల్‌తో పాటు మందపాటి రబ్బరు పట్టా కూడా కొనాలి. దాన్ని ఎక్కడ కొన్నా ఒకటే.

ఈ పోలికలో చాలామంది వదిలేసే మూడో మనిషి ఒకడున్నాడు, వెల్డింగ్ షాపాయన. చిన్న పట్టణాల జిమ్ముల్లో బెంచీలు, స్క్వాట్ స్టాండ్లు, పుల్లప్ బార్లు ఆయన చేతివే. గేట్లు, గ్రిల్సు, ట్రాక్టరు సామాను చేసే చేతులకు చదరపు పైపుతో ఒక బెంచి అతకడం అరపూట పని. పైపు మందం మనమే చెప్పొచ్చు, మన ఎత్తుకు కొలిపించుకోవచ్చు. ఫోనులో వచ్చే బోల్టుల బెంచి కొన్నాళ్లకు ఊగడం మొదలుపెడుతుంది. ఈయన బెంచి ఊగితే మళ్లీ పోయి ఒక అతుకు వేయించుకుంటే సరి. కానిస్టేబుల్ పరీక్షకు 1,600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్ జంప్ సాధన చేసే కుర్రాళ్లకు పరుగు మైదానంలోనే ఉంది. ఇంట్లో వాళ్లకు కావాల్సింది ఒక బారు, ఒక బెంచి, కాస్త ఇనుము. ఫోనూ, షోరూమూ రెండూ అక్కర్లేని కొనుగోలు ఇది. రాతి గుండు ఎత్తి బలం చూపించిన నేల మీద ఇది చిన్నతనమేమీ కాదు. ఒక్క హెచ్చరిక: తీగలు, కప్పీలు ఉన్న యంత్రం మాత్రం ఆయనతో చేయించకూడదు. తీగ తెగితే బరువు మీద పడుతుంది.

కష్టమంతా మోటారున్న యంత్రంతోనే. ఇక్కడ నా తీర్పు అంత సూటిగా రాదు.

మన దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లు ఊరికొకరుంటారు. ఆ ధైర్యంతోనే ‘ఆగిపోతే మనోళ్లు చూస్తార్లే’ అనుకుంటాం. ఇళ్లలో వాడే ట్రెడ్‌మిళ్లలో ఎక్కువగా డీసీ మోటార్లుంటాయి. కార్బన్ బ్రష్షు అరిగితే మన మెకానిక్కు మార్చగలడు. బెల్టు బిగించగలడు, నూనె వేయగలడు. ఆగిపోయింది కంట్రోల్ బోర్డు అయితే ఆయన చేతిలో ఏమీ లేదు. ఎండాకాలం నలభై దాటే వేడిలో, మిద్దె మీది రేకుల గదిలో, వోల్టేజీ ఎగుడుదిగుడుల మధ్య ముందు పోయేది ఆ బోర్డే. అది మళ్లీ కంపెనీ నుంచే రావాలి. కంపెనీ మనిషి ఉండేది హైదరాబాదులోనో బెంగళూరులోనో చెన్నైలోనో. కడప ఆ మూడింటికీ దూరమే. ఫోనులో కొన్నవాడు ‘ఆన్‌సైట్ వారంటీ’ తన పిన్ కోడ్‌కు వర్తిస్తుందో లేదో కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. 516తో మొదలయ్యే కోడ్‌కు సరుకు చేరుతుంది. మెకానిక్కు చేరతాడన్న హామీ దానితో రాదు. అంగట్లో కొన్నవాడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మోడల్ బోర్డు, బెల్టు నీ దగ్గరున్నాయా, చూపిస్తావా? చూపిస్తే రెండు మూడు వేలు ఎక్కువైనా అక్కడే కొనడం మేలు. తెప్పిస్తామంటే ఫోనుకూ ఆయనకూ తేడా లేదు.

అంగడికి ఇంకో బలముంది, మనిషిని యంత్రం మీదికి ఎక్కించి చూడొచ్చు. షుగరుందని డాక్టరు నడవమన్న అరవై ఏళ్ల పెద్దామె కాలు ఎంతెత్తుకు లేస్తుంది, పక్క పిడులు చేతికందుతాయా, ప్రమాదంలో యంత్రాన్ని ఆపే తాళం చున్నీకి తగిలించుకుంటే నిలుస్తుందా, ఇవేవీ ఫొటోలో తెలియవు. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారని తేల్చింది. ట్రెడ్‌మిల్ మన ఊళ్లకు రావడానికి కండల మోజు కన్నా ఈ కారణమే పెద్దది. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ నిమిషాలు రోడ్డు మీద నడవలేని ఆడవాళ్లు మన దగ్గర ఎందరో.

అయితే ఆ ఆడవాళ్ల వైపు నుంచే అంగడి బలహీనత బయటపడుతుంది. కప్పులూ బ్యాట్లూ ఉన్న అంగట్లో, కుర్రాళ్ల గుంపు మధ్య, ఒకామె తన బరువెంతో చెప్పి అది మోసే యంత్రం అడగడం ఎంత కష్టం! ఫోను ఆ మాట ఎవరికీ వినపడనివ్వదు. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లో తెలుగులోకి వచ్చాయి. తర్జుమా అక్కడక్కడా నవ్వు తెప్పించినా, ఇంట్లోవాళ్ల సాయం లేకుండా కొనుక్కోవచ్చన్న ధైర్యం మాత్రం ఇచ్చాయి. నా లెక్కలో ఆన్‌లైన్ ఇచ్చే నిజమైన లాభం ధరలో కంటే ఇక్కడే ఎక్కువ.

దానికి తోడు మొహమాటం. చిన్న ఊళ్లో డీలరు మనకు ఎక్కడో ఒకచోట చుట్టమో, చుట్టానికి స్నేహితుడో అవుతాడు. ఇచ్చిన ఎక్సర్‌సైజ్ సైకిల్ కిరకిరలాడుతుంటే ‘వెనక్కి తీస్కో అన్నా’ అనడానికి నోరు రాదు. ఆయన టీ తెప్పిస్తాడు, మనం కూర్చుంటాం, ‘వాడే కొద్దీ సర్దుకుంటాది’ అంటాడు, లేచి వచ్చేస్తాం. ముఖం తెలియని వ్యాపారితో ఈ బాధ లేదు. వారం రోజుల గడువులో బొత్తం నొక్కితే చాలు, పెట్టె వెనక్కి పోతుంది. పోవాల్సింది ట్రెడ్‌మిల్ అయితే మాత్రం అంత తేలిక కాదు. విప్పి బిగించిన యంత్రాన్ని మళ్లీ పెట్టెలో పట్టించడం ఒక యుద్ధం, చాలా అమ్మకాల్లో దానికి వాపసే ఉండదు, లోపముంటే మార్చి ఇస్తారంతే. ఆ షరతు పేజీ అడుగున ఉంటుంది. కాబట్టి మొహమాటస్తులు ఫోనులో కొనాల్సింది మడిచి పెట్టుకునే చిన్న సరుకు: రెసిస్టెన్స్ బ్యాండ్లు, యోగా పట్టా, స్కిప్పింగ్ తాడు. వీటికి అంగడి చుట్టూ తిరగడం దండగ.

చట్టం విషయంలో మన ఊహలు తలకిందులుగా ఉన్నాయి. దగ్గరివాడి మీద కేసు వేయడం తేలిక, ఢిల్లీ వ్యాపారి మీద అసాధ్యం అనుకుంటాం. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకోవచ్చంది. చెన్నూరు మనిషి ఎక్కడి వ్యాపారి మీదైనా కడపలోని జిల్లా కమిషన్‌కే పోవచ్చు. సరుకు విలువ ఐదు లక్షలలోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆన్‌లైన్ వ్యాపారులు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలో పరిష్కరించాలని అదే నెలలో నిబంధనలు కూడా వచ్చాయి. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసినా ఫిర్యాదు మొదలవుతుంది. వీటన్నిటికీ కావాల్సింది బిల్లు. ఫోనులో కొంటే అది అడగకుండానే వస్తుంది. అంగట్లో ‘బిల్లు లేకుండా అయితే ఇంత’ అన్న మాటకు మనమే పడిపోతాం. తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేటు జేబులో పెట్టుకుని బయటికొచ్చాక మిగిలేది ఆయన మాటొక్కటే.

బిల్లుకు ఇంకో విలువుంది. 2021 మే నెలలో అమెరికాలో పెలొటన్ కంపెనీ ట్రెడ్ ప్లస్ అనే ట్రెడ్‌మిల్‌ను వెనక్కి పిలిపించింది. ఒక ఆరేళ్ల చిన్నారి ప్రాణం పోయింది, పిల్లలు యంత్రం వెనక భాగం కిందికి లాగబడిన ఘటనలు వరసగా బయటికొచ్చాయి. దాదాపు 1,25,000 యంత్రాలు. వాటిని కొన్నదెవరో, ఎక్కడున్నారో కంపెనీ దగ్గర లెక్కుంది కనుక వార్త పంపగలిగారు. బిల్లు లేకుండా మన పట్టణంలో అమ్ముడైన యంత్రంలో అలాంటి లోపమే బయటపడితే అది ఏ ఇంట్లో ఉందో ఎవరికీ తెలియదు. పిల్లలున్న ఇళ్లలో అంగడివాడిని అడగాల్సింది తగ్గింపు కన్నా ముందు జీఎస్టీ బిల్లు, దాని మీద యంత్రం సీరియల్ నంబరు. అది రాయడానికి ఆయన వెనకాడితే, బోర్డు స్పేరు చూపించినా సరే, నేనైతే ఆ ట్రెడ్‌మిల్ అక్కడ కొనను.